పెద్ద మిస్త్రీ షెడ్డులో కొత్త గుర్తులు

పెద్ద మిస్త్రీ షెడ్డంటే చీకటి పడ్డాక ఎవరికైనా హడలే. దాని ముందు నుంచి సైకిలు మీద పోయేవాడు బెల్లు కూడా కొట్టడు... లోపలున్నవాడికి వినపడుతుందని.

పెద్ద మిస్త్రీ పోయింది అందులోనే. నాగటి కర్రుకి బెజ్జం వేస్తూ వేస్తూ, డ్రిల్లింగ్ మిషను మీదికి అలా ఒరిగిపోయాడట. మనిషి ఆగాడు గానీ మిషను ఆగలేదు. భార్య వచ్చి స్విచ్చి కట్టేసేదాకా తిరుగుతూనే ఉందట. అప్పట్నుంచీ రాత్రిళ్లు అది దానంతటదే తిరుగుతుందని చెప్పుకుంటారు. నేను చూడలేదు. చూసినవాణ్ణీ చూడలేదు. నమ్మనివాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను, ఊళ్లో ఇనప పని చేసే బక్క మిస్త్రీని. ఈ సంగతి అతను నాకు చెప్పిందే. ఉప్పూకారం కాస్త నావి, సర్దుకోండి.

ఒకరోజు పొద్దుగూకే వేళ అతని బావ, అంటే అక్క మొగుడు, ట్రాక్టరు వేసుకుని లబోదిబోమంటూ వచ్చాడు. విత్తనాల గొర్రుకి పళ్లని పట్టి ఉంచే ఇనప పలక నిలువునా చిట్లింది. బయట చూస్తే వాన వెలిసి నేల మంచి పదును మీదుంది. ఇంట్లో చూస్తే విత్తనం నానబోసి ఉంది. తెల్లారి అది నేలలో పడకపోతే కుళ్లిపోతుంది. మళ్లీ కొనే తాహతు బావకి లేదు. ఆ పంట మీదే ఇల్లంతా బతకాలి.

బక్క మిస్త్రీ దగ్గర అంత మందం పలక ఒక్కటంటే ఒక్కటే ఉంది. అతని మిషనేమో మోటారు కాలి మూలన పడుంది. అంత మందాన బెజ్జం వేసే మిషను చుట్టుపక్కల ఇంకొక్కటే...

"ఆ షెడ్డా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"నువ్వు లోపలికి రాకులే. ట్రాక్టరు మీద కూచుని దేవుణ్ణి తలుచుకో."

షెడ్డు వెనక గదిలో ఉండే పెద్ద మిస్త్రీ భార్య కిటికీలోంచి తాళంచెవి అందించింది. ఎందుకని అడగలేదు. ఇచ్చేసి మంచమెక్కింది.

లోపల పాత ఆయిలు వాసన. మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది... మనిషి ముసుగు తన్ని నిలబడ్డట్టు. బక్క మిస్త్రీ అటు చూడకుండా పనిలో దిగాడు. కొత్త పలక మీద పాత పలక పరిచాడు. పాత బెజ్జాల్లోంచి గీతలు గీసి, నడిమధ్యన మొనదేలిన ఇనప పంచి ఆనించి, సుత్తితో ఒక్కో గుంట కొట్టాడు. బెజ్జం తొలిచే బిట్టు జారకుండా నిలబడేది ఆ గుంటలోనే.

పట్టా తీసి స్విచ్చి మీద చెయ్యి వేశాడో లేదో — కరెంటు పోయింది.

కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి. నేల మీద పడేసిన పట్టా సర్రున కదిలినట్టయింది. 'పాపం, బావ ఒక్కడే ఉన్నాడు' అనుకుంటూ బయటికొచ్చేశాడు. భయపడి కాదు. బావ కోసం.

ఇద్దరూ ట్రాక్టరు సీటు మీద ఒకరినొకరు అతుక్కుని కూచున్నారు.

టక్...

"విన్నావా?"

"ఇనుము చల్లారుతోంది బావా."

"వేడెక్కందే ఎలా చల్లారుతుందిరా?"

టక్... టక్...

షెడ్డులోంచే. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల అగ్గిపుల్లంత వెలుతురు లేదు. ఆ చీకట్లో ఎవరో నిదానంగా, తొందరేమీ లేకుండా... టక్...

ఆగింది.

"పోదాం పదరా," అన్నాడు బావ.

"మరి విత్తనమో?"

బావ ట్రాక్టరు తాళం మీంచి చెయ్యి తీసేశాడు.

కరెంటు వచ్చింది. బక్క మిస్త్రీ గుండె చిక్కబట్టుకుని లోపలికెళ్లి పలక మీదికి వంగాడు. తను కొట్టిన ప్రతి గుంట పక్కనా — ఇంకో గుంట. కందిగింజంత ఎడంగా. తనదానికన్నా లోతుగా, గుండ్రంగా.

"ఏమైందిరా?" గుమ్మం అవతల నుంచి బావ.

"నా గుర్తుల పక్కన ఎవరో గుర్తులు పెట్టారు."

"చెరిపెయ్."

"ఇనుములో గుంట చెరుగుతుందా బావా?"

ఉన్నది ఒక్క పలక. తప్పు చోట బెజ్జం పడిందా, తెల్లారి విత్తనం పారబోసుకోవడమే. తన గుర్తా... దానిదా?

పాత పలకని దీపం కిందికి తెచ్చి చూశాడు. అప్పుడు కనపడింది. పాత బెజ్జాలు గుండ్రంగా లేవు. ఏళ్ల తరబడి గొర్రు లాగిన లాగుడికి ఒక పక్కకి సాగి, గుడ్డులా కోలగా అయిపోయాయి. తనేమో ఆ గుడ్డుకి నడిమధ్యన గుర్తు పెట్టాడు. దాని మీద వేసుంటే ఒక్క బోల్టూ దిగేది కాదు. కొత్త గుంటలు మాత్రం బెజ్జం సాగకముందు నడిమధ్య ఉన్న చోటే పడ్డాయి.

బిట్టుని కొత్త గుంటలో నిలబెట్టాడు. కళ్లు మూసుకుని స్విచ్చి వేశాడు, కళ్లు తెరిచి పిడి దించాడు. ఆయిలు పొగ లేచింది, ఇనప పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. చివరి బెజ్జం పడేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరో ఉంటారని కాదట... ఉన్నారని తెలుస్తూనే ఉందట.

తెల్లవారుతుండగా గొర్రుకి పలక ఎక్కించారు. బోల్టులు వెన్నలో వేలు దిగినట్టు దిగాయి. బావ పొలం దారి పట్టాడు.

బక్క మిస్త్రీ తాళంచెవి ఇవ్వబోయి, ఉండబట్టలేక ముసలావిడకి అంతా చెప్పేశాడు. ఆవిడ బోసినోటితో నవ్వింది.

"నేనే కొట్టాను బాబూ. మా గదిలోంచి షెడ్డులోకి దొడ్డిదారి ఉంది. ఆయన బెజ్జం వేసేవాడు, గుర్తు మాత్రం ఎప్పుడూ నాదే. ఆ పలక మా చేతుల్లో పుట్టిందే. నిద్రపట్టక వచ్చి చూస్తే, సాగిన బెజ్జాన్ని నమ్ముకుని గుర్తులు పెట్టావు. చెయ్యి ఊరుకోలేదు."

బక్క మిస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"హడలగొట్టేశావు పెద్దమ్మా. మాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాగా. టార్చి పట్టుకున్నాయనకి చెప్పాను."

"...టార్చి ఎవరు పట్టుకున్నారు?"

"మీవాడేగా? ఎదురుగా నిలబడ్డాడు. నాకు దూరం ఆనదు, ముఖం తెలీలేదు. పలకరిస్తే పలకలేదు. కానీ పని తెలిసినవాడు బాబూ. సుత్తి నీడ గుర్తు మీద పడకుండా, నేను ఎటు జరిగితే అటు పట్టాడు వెలుతురు."

'మేమిద్దరం బయటే ఉన్నాం, మా దగ్గర టార్చే లేదు' — ఆ మాట బక్క మిస్త్రీ నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాడు.

ముసలావిడ తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"అతన్ని అప్పుడప్పుడూ రమ్మను," అంది. "అలా వెలుతురు పట్టేవాళ్లు ఇప్పుడెవరున్నారు?"