ఐస్ ఫ్యాక్టరీ ఎత్తు మీద ఆగే బండి

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. చీకటి పడ్డాక ఆ ఎత్తు మీద ఎవరూ బండి ఆపరు. ఆపితే ఆ చోటు మళ్ళీ కదలనివ్వదట... ఫ్యాక్టరీ లోపల ఎవరో ఉన్నారట... ఎవరు చూశారని అడిగితే మాత్రం, చూసినవాళ్ళెవరూ ఇప్పుడీ దారిలో రావట్లేదంటారు.

ఇది తుడుపుల బాబాయ్‌కి జరిగింది. భుజం మీద తుడుపుగుడ్డ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు, అందుకే ఆ పేరు. తన డీజిల్ పికప్‌ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఇంజనాయిల్ గడువుకి ముందే మార్చేవాడు, ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు వారం వారం వదిలేవాడు, గ్రీజు ఇంకొకరి చేత పెట్టనిచ్చేవాడు కాదు. పిన్నికి జ్వరమొస్తే "మాత్ర వేసుకో" అని చక్కా పోయేవాడు. అదే బండి కాస్త దగ్గిందంటే రాత్రంతా దాని పక్కనే కూర్చునే రకం.

అలాంటి బండి, వానలు మొదలయ్యాక ఆ ఎత్తు మీద ఆగిపోసాగింది.

వెనక నిండా కూరగాయల లోడు. ముందు లాగుడు తగ్గుతుంది... ఇంజను ఒక్కసారి వణుకుతుంది... అంతే. ఇక చుట్టూ చీకటి, బాబాయ్, ఆ ఫ్యాక్టరీ. లోపలే ముడుచుకుని కూర్చుని కాసేపు దండాలు పెడితే, ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ప్రతిసారీ అక్కడే!

మెకానిక్ ఫిల్టరు మార్చాడు, పైపులు ఊదాడు, పంపు విప్పి చూశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"బాబాయ్... బండి బంగారం. లోపం ఆ చోటులో ఉంది."

దెయ్యం పట్టిన బండి ఇంటి ముందు ఉండకూడదని పిన్ని అన్నయ్య పట్టుబట్టాడు. మర్నాడు పొద్దున్నే కొనేవాణ్ణి వెంటబెట్టుకొస్తానన్నాడు. ఆ రాత్రి బయల్దేరుతూ బాబాయ్ పిన్ని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వూ రావే. నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని."

పిన్ని చెప్పులేసుకుంటూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఇవాళ గనక ఆగిందా... రేపు అమ్మేస్తున్నాం."

మార్కెట్లో లోడెత్తారు. బంకులో ట్యాంకు నింపారు. సన్నగా చినుకులు. ఎత్తు దగ్గరికొచ్చేసరికి బాబాయ్ స్టీరింగుని నిమురుతూ గుసగుసలాడాడు.

"నా తల్లివి కదూ... ఈ ఒక్క రాత్రీ నా పరువు నిలబెట్టు..."

నిలబెట్టలేదు.

వణుకు... దగ్గు... నిశ్శబ్దం.

అప్పుడు వినిపించింది, వెనక నుంచి —

ట...క్.

ఖాళీ డబ్బా రేకుని ఎవరో బొటనవేలితో నొక్కినట్టు. కాసేపాగి మళ్ళీ... ట...క్.

"విన్నావా..." బాబాయ్ తుడుపుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"విన్నాను. టార్చి ఇటివ్వు."

"దిగకే! నా మాట విను..."

పిన్ని అప్పటికే దిగింది. బాబాయ్ ధైర్యం కూడగట్టుకుని... తన వైపు అద్దం ఎక్కించుకున్నాడు.

బయట ఎవరో ఊపిరి పీల్చారు. మనిషి ఊపిరి కాదు — అంత పొడుగు ఊపిరి ఏ మనిషీ పీల్చలేడు. హా........ అలా పీలుస్తూనే ఉంది...

"ఏమేవ్!" బాబాయ్ సీట్లోంచి కదలకుండానే కేకేశాడు.

"ఇలా రావయ్యా!" పిన్ని గొంతు. బతికే ఉంది. పైగా కోపంగా ఉంది. ఆ కోపం వినగానే బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

వెళ్ళి చూస్తే, డీజిల్ ట్యాంకు మూత ఆవిడ చేతిలో ఉంది. కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు, సైకిల్ ట్యూబు ముక్క పడున్నాయి.

"మూతకి ఈ ముసుగు కట్టిందెవరు?"

"నేనే. వాన నీళ్ళు డీజిల్లో కలిస్తే ఇంజను పోదూ? బంకులో నింపగానే గట్టిగా బిగించి కట్టేస్తాను. మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళేటప్పుడు విప్పేస్తాలే, చూడ్డానికి బాగుండదని."

పిన్ని నెత్తి కొట్టుకుంది. "పిల్లలకి ఒక్కనాడైనా పాలసీసా పట్టావా నువ్వు? బిరడా మరీ బిగిస్తే నాలుగు చుక్కలు తాగేసరికి పాలపీక లోపలికి అతుక్కుపోతుంది, ఇక పాలు రావు. కాస్త వదులు చేస్తే గాలి లోపలికి పోయి పాలు మళ్ళీ వస్తాయి. ఇదీ అంతే! మూతలోంచి గాలి లోపలికి పోయే దారి నువ్వే మూసేశావు. బంకు నుంచి ఇక్కడిదాకా వచ్చి, ఎత్తెక్కేసరికి దానికి ఊపిరాడట్లేదు. ఆ టక్కుటక్కు ట్యాంకు రేకు లోపలికి పోతున్న చప్పుడు, ఆ పొడుగు ఊపిరి నేను మూత తియ్యగానే ట్యాంకు పీల్చిన గాలి. కాసేపాగితే ఏ సందులోంచో గాలి దూరుతోంది, కదులుతోంది. నీ దండాలకి కాదు!"

బాబాయ్ ఇంజనుకి డీజిల్ ఎక్కించే చేతిపంపు గబగబా నొక్కి, ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను హాయిగా అందుకుంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మొద్దే..."

"ఎవరమ్ముతారు దీన్ని?" పిన్ని గొంతు కూడా మెత్తబడింది. బండెక్కబోతూ ఆగింది. "అది సరే గానీ, ఇన్ని రాత్రులూ ఆ దెయ్యాన్ని ఏమని బతిమాలావు?"

సంతోషంలో ఉన్న మనిషికి నోటి మీద అదుపుంటుందా? "వదిలెయ్ తల్లీ, నాతో నీకేం పని... రేపు మా ఆవిణ్ణి తీసుకొస్తాను, ఏదున్నా ఆవిడతోనే తేల్చుకో అని..."

టార్చి వెలుగు మెల్లగా వచ్చి బాబాయ్ మొహం మీద ఆగింది.

"దిగు," అంది పిన్ని.

దిగాడు. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. తలుపేసుకుంది. అద్దం దించి, ఫ్యాక్టరీ వైపు చీకట్లోకి కేకేసింది.

"అమ్మా, నువ్వెవరివో గానీ... నేనొచ్చాను, తేల్చేసుకుందాం! బండి నాకు... ఈయన నీకు!"

కాసేపు ఏమీ లేదు... ఇంజను చప్పుడు, చినుకుల చప్పుడు...

తర్వాత, ఏళ్ళ తరబడి మనిషి అడుగుపెట్టని ఆ ఫ్యాక్టరీలో — లోపలి నుంచి ఎవరో గబగబా గడియ పెట్టుకున్న చప్పుడు.