రెండో కప్పు

రచయిత ప్రెస్సు లోపలికి వస్తూనే అట్టబొమ్మని బొమ్మలమ్మాయి బల్ల మీద పడేశాడు. రంగుల గిన్నె ఒలికింది. ఆమె తుడవలేదు. తుడిస్తే తగ్గినట్టవుతుందని.

నాలుగేళ్ళుగా అతని పుస్తకాలకి అట్టమీద బొమ్మలు వేసేది ఆమే. రాతప్రతి పోస్టులో పంపొచ్చు, అయినా తనే పట్టుకొచ్చేవాడు. ఒకసారి చదివితే చాలు, అయినా ఆమె రెండుసార్లు చదివేది. ఇదంతా ఎందుకో ప్రెస్సు నడిపే ఆమె బాబాయికి తెలుసు గానీ, ఆ ఇద్దరికే తెలీదు.

గొడవంతా నవల చివరి పేజీ గురించి. భర్త వదిలిపోయిన కథానాయిక రోజూ రెండు టీ కప్పులు కడిగి బోర్లిస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. అతను రాశాననుకున్నది ఎదురుచూపు. ఆమె గీసింది బోర్లించిన కప్పులు, గడప దాటుతున్న ఆడమనిషి వీపు.

"ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. రాసినవాణ్ణి, నాకు తెలీదా?"

"వచ్చే మనిషి కోసమైతే కప్పు బోర్లించదండీ. అచ్చయ్యాక ఇంటింటికీ తిరిగి, ఇలా చదవండని చెప్పొస్తారా?"

బొమ్మ మార్చకపోతే పుస్తకం వేరే ప్రెస్సుకి ఇచ్చేస్తానన్నాడు. ఇక ఈ గుమ్మం తొక్కననీ అన్నాడు. ఆమెకి గుండె జారింది. గొంతు మాత్రం జారనివ్వలేదు. నిక్షేపంగా ఇచ్చుకోండి అంది.

ఆ ఉక్రోషంలో అతను అసలు మాట కక్కేశాడు. అది కథ కాదట, వాళ్ళమ్మట. నాన్న వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ ఇరవై ఏళ్ళుగా ఆ రెండు కప్పులూ చూస్తూనే ఉన్నాడట.

"అయితే ఆవిణ్ణే అడుగుదాం, పదండి" అని ఆమె గొడుగు తీసింది.

బయట వాన. ఉన్నది ఒక్కటే గొడుగు. ఇద్దరూ కోపంగా ఎడంగా నడిచారేమో, అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిసి ముద్దయ్యాయి. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు పొడిగా మిగిలింది.

ఇంట్లో అతని తల్లి అంతా విని, కొడుకు వంక తేరిపార చూసింది.

"ఎదురుచూపా నా మొహమా. ఆయన కోసం ఒక్క ఏడాది చూశాను. ఆ రెండో కప్పు నీదిరా. నీ గది బయట స్టూలు మీద పెట్టి పిలిస్తే, పుస్తకంలోంచి తలెత్తకుండా ఊఁ అనేవాడివి. చల్లారాక పారబోసేదాన్ని. కడగడం చూశావు, పొయ్యడం చూళ్ళేదు."

అమ్మ గొంతులో అంత కోపం అతనెన్నడూ వినలేదు. బొమ్మలమ్మాయి తల దించుకుంది. తనైనా గెలిచింది లేదు.

ఆవిడ మూడు కప్పుల్లో టీ పోసింది. పొగలు కక్కుతున్నది అతను గటగటా తాగి నాలుక కాల్చుకున్నాడు. కళ్ళలో నీళ్ళు అందుకేనన్నాడు. ఎవరూ నమ్మలేదు.

బొమ్మ మార్చి గీస్తానంది ఆమె. వద్దు, నువ్వు చదివినట్టే ఉండనీ అన్నాడతను. పొద్దున్నించీ ప్రాణం తీసి ఇప్పుడు మాట మారుస్తారేమని ఆమె మళ్ళీ మండిపడింది.

"వేరే ప్రెస్సు అన్నానే, అదొట్టి కోపం. నువ్వు చదవని పుస్తకం నేనెందుకు రాయడం?"

"ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చుగా."

తల్లి కప్పులు కడగడానికి తీసుకుంది. బొమ్మలమ్మాయి తాగిన మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది బోర్లించి లోపల పెట్టెయ్యనా, అమ్మాయీ?"

"బయటే ఉంచండత్తయ్యా. మా పోట్లాట ఇంకా తెమల్లేదు."