కరగని రూటైల్

"ఆరు రోజులు ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉంటావు. ఏడో రోజు కూడా బతికుంటే నీ అదృష్టం," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నంబర్ నలభై రెండు ఫైల్ తిరగేశాడు. భూమి అట్టడుగున సలసల కాగే నీళ్ళు, వాటి మీద కొండల బరువు. అంత వేడిలో, అంత ఒత్తిడిలో కూడా రూటైల్ అనే టైటానియం ఖనిజం మామూలు నీళ్ళకి లొంగి చావదు. అదే నీళ్ళలో ఫ్లోరైడ్ ఏ పాళ్ళలో కలిపితే కరుగుతుందో ఒక శాస్త్రవేత్త తేల్చబోతోంది. ఓ విదేశీ ముఠా అందుకోసమే కాచుకుని కూర్చుంది.

"ప్రయోగం ఫలిస్తే ఆవిణ్ణి కూడా ఎత్తుకుపోతారు. ఫలించకపోతే వాళ్ళకి ఆవిడతో పనిలేదు, వదిలేస్తారు."

"ఆవిడ మా అక్క, సార్."

"తెలిసే పంపుతున్నాను. తోడుగా నెమలి వస్తుంది."

నెమలి పేరు వింటే డిపార్ట్‌మెంట్‌లో మగాళ్ళందరూ జుట్టు సవరించుకుంటారు. నలభై రెండు ఏకంగా దువ్వెన తీశాడు.

ఆరో రోజు సాయంత్రం నాలుగు కావస్తోంది. అతికించుకున్న మీసం దురద పెడుతోంది. నిలువెత్తు స్టీల్ ప్రెస్ నడుమ చిన్న బంగారు క్యాప్సూల్, అందులో ఫ్లోరైడ్ నీళ్ళు, ఆవగింజంత రూటైల్ పలుకు. తొమ్మిది వందల డిగ్రీలు. అతను గేజ్ చూస్తాడు, తలుపు చూస్తాడు, మళ్ళీ గేజ్ చూస్తాడు.

"ఒరేయ్, కాసేపు కూర్చోరా! నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది అక్క.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు, నల్లకళ్ళద్దాలు, గదినిండా సెంటు. నెమలి.

"కాఫీ చల్లారింది," అందామె. కోడ్ మాట.

"పంచదార వెయ్యలేదు," అని బదులిచ్చి నవ్వబోయాడు. ఈలోగా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ వచ్చి అక్క నుదుటికి గురిపెట్టుకుంది.

"సారీ, హీరో. నేను రెండువైపుల మనిషిని. కింద వ్యాన్ రెడీగా ఉంది. మెషీన్ ఆపి, రాయి తీసి తూచు."

అతని చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి పోయింది.

"ఒక్కసారిగా కట్టెయ్యకురా!" అక్క గావుకేక పెట్టింది. "ప్రెస్ పేలి అందరం పోతాం! నెమ్మదిగా దించు!"

అతని చెయ్యి ఆగిపోయింది. ఆరు రోజులుగా అక్క చెవినిల్లు కట్టుకుని పోరింది సరిగ్గా దీనికి ఎదురు. కరెంటు ఒక్క దెబ్బతో తీసెయ్యాలి, క్షణాల్లో చల్లారాలి. నెమ్మదిగా చల్లారిస్తే కరిగిన టైటానియమంతా వెనక్కొచ్చి మళ్ళీ ఆ రాయికే పేరుకుంటుంది. కరిగిందన్న ఆనవాలే మిగలదు.

అక్క వైపు చూశాడు. మొహంలో నెత్తురు లేదు, రెప్ప మాత్రం వెయ్యలేదు. అప్పుడు అర్థమైంది.

"ముప్పావుగంట పడుతుంది మేడమ్," అన్నాడు.

ఆ ముప్పావుగంట నరకం. నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. నెమలి హైహీల్స్ గది ఈ మూల నుంచి ఆ మూలకి టకటకలాడాయి. ఫోన్ రెండుసార్లు మోగింది. "ఇంకా ఎంతసేపు?" అని ఆమె ఆరుసార్లు అడిగింది. నలభై రెండుకి చచ్చేంత భయం వేసింది. పేరుకోవలసినంత పేరుకోకపోతే అక్క ఆ వ్యాన్ ఎక్కాల్సిందే.

క్యాప్సూల్ కోశారు. పలుకుని ఆరబెట్టి ఎలక్ట్రానిక్ త్రాసులో వేశారు. మొదటిరోజు తూకం రాసిన నోట్‌బుక్ ఫోటో నెమలి ఫోన్‌లో ఉంది. ఎనిమిది పాయింట్ మూడు ఒకటి రెండు మిల్లీగ్రాములు. త్రాసు మీద అంకెలు కిందికీ మీదికీ ఊగాయి. ఎనిమిది పాయింట్ రెండు తొమ్మిది. మూడు సున్నా. చివరికి మూడు ఒకటి ఒకటి దగ్గర నిలిచాయి.

"అంటే కరగలేదా?"

"నా ఖర్మ," అంటూ అక్క తల పట్టుకుంది.

నెమలి ఫోన్ ఎత్తింది. "వేస్ట్. ఏమీ కరగలేదు."

"ఆవిణ్ణి వదిలేసి వచ్చెయ్," అంది అవతలి గొంతు.

చిరాగ్గా పిస్టల్ బ్యాగ్‌లో పెట్టబోయింది. నలభై రెండుకి దొరికింది ఆ ఒక్క క్షణమే. మణికట్టు మెలిపెట్టాడు, పిస్టల్ జారి ప్రెస్ కిందికి పోయింది.

నెమలికి సంకెళ్ళు పడ్డాక అక్కకి ఏడుపొచ్చింది. తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, "ఆరు రోజుల పని నాశనం చేశావు కదరా. రేపు మళ్ళీ మొదటి నుంచి. నువ్వే కూర్చోవాలి," అంది.

రిపోర్ట్‌లో చివరి గడి "శత్రువుకి చిక్కిన సమాచారం" అని ఉంది. నలభై రెండు కాసేపు ఆలోచించి నింపాడు: "రాయి నీళ్ళలో కరగదు."