రంగునీళ్ల తొట్టిలో హత్య

ఉదయం ఆరున్నర. అద్దకం ఫ్యాక్టరీ వెనక సిమెంటు తొట్టి నిండా శవాలు. ఒకటీ రెండూ కాదు, కోట్లు. కంటికి కనబడని శవాల కేసు ఒప్పుకోవడం ప్రైవేట్ డిటెక్టివ్‌కు ఇదే మొదలు.

చచ్చినవి రంగును తినే సూక్ష్మజీవులు. పెంచింది ఓనరు మేనకోడలు, అక్కడే కెమిస్టు. చేప బతికే నీళ్లే కాలువలోకి వదలాలని కొత్త రూల్ వచ్చాక, ఆ పిల్ల తిండీ నిద్రా మాని కనిపెట్టిన ఉపాయమిది. పదకొండింటికి పొల్యూషన్ బోర్డు టెస్టు. ఫెయిలైతే ఫ్యాక్టరీకి తాళం.

"ఎవడో విషం కలిపాడు. పట్టుకోండి," అన్నాడు ఓనరు, పళ్లు నూరుతూ.

గేటు సీసీ కెమెరాలో బయటివాళ్లెవరూ లేరు. డిటెక్టివ్ ఓనరునీ, కెమిస్టునీ, సూపర్‌వైజర్‌నీ ల్యాబులో కూర్చోబెట్టాడు. తొట్టి పనిచేస్తే, మందులతో నీళ్లు శుద్ధిచేసే సూపర్‌వైజర్ సెక్షన్ మూతపడుతుంది. కడుపుమంట నిజమే గానీ తొట్టి జోలికి పోలేదన్నాడాయన. కెమిస్టుకు వేరే కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఆ సంగతి ఎత్తితే ఆమెకు ఏడుపొచ్చింది.

తొమ్మిది దాటింది. డిటెక్టివ్‌కు చిరాకెత్తింది. సూపర్‌వైజర్ చొక్కా మీద నీలం. కెమిస్టు కోటు మీద ఎరుపు. అతని చూపు ఓనరు నల్ల ప్యాంటు మీద ఆగింది.

"ఇక్కడ అందరి బట్టలకూ రంగు అంటింది. మీ ప్యాంటుకు మాత్రం పోయింది. ఆ తెల్ల మచ్చలేంటి సార్?"

"బ్లీచ్," ఓనరు తేలిగ్గా అన్నాడు. "రాత్రి తొట్టిలో రెండు డబ్బాలు పోశాను. టెస్టంటే ఎప్పుడూ పోసేదేగా. నీళ్లు తేటగా కనబడొద్దూ?"

పాత రోజుల్లో ఆఫీసర్లు నీళ్ల రంగు చూసి వెళ్లిపోయేవారు. ఆ అలవాటే ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది; బ్లీచ్ సూక్ష్మజీవుల్నీ చంపుతుందని ఆయనకు తట్టనే లేదు. బ్లీచ్ వాసన అక్కడ రోజూ ఉండేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. హంతకుణ్ణి పట్టుకోమని పురమాయించింది హంతకుడే.

"నన్నొక్క మాట అడగాల్సింది మామయ్యా," అంది కెమిస్టు. "నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉందమ్మా. ఆ పురుగుల మీదే..." ఆయన తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మంచినీళ్లు కలిపేస్తే టెస్టు గట్టెక్కుతామని సూపర్‌వైజర్ గొణిగాడు. ఓనరు వినిపించుకోలేదు. వెళ్లి కాలువ వాల్వు తనే బిగించాడు. బోర్డుకు ఫోన్ చేసి, తొట్టిని పాడుచేసింది తనేనని, ఫ్యాక్టరీ ఆపేశానని చెప్పాడు. మళ్లీ ఎప్పటికి సిద్ధమవుతుందని అవతలి ఆఫీసరు అడిగాడు.

ఓనరు ఫోను మేనకోడలికి అందించాడు.

"నువ్వే చెప్పమ్మా. నువ్వు ఎప్పుడంటే అప్పుడే."

ఆమె క్షణం ఆలోచించి ఫోను తీసుకుంది.

"మళ్లీ పెంచుతాను సార్," అంది. "కొంచెం టైమివ్వండి."