పోలమ్మ పన్నెండో కథ

పొద్దుట్నుంచి అసిరయ్య బొటనవేలు కడుగు మీట మీద నాలుగొందల పదకొండుసార్లు పడింది. నొక్కినప్పుడల్లా ఒక మనిషి రాసిన పన్నెండు కథలూ, పచ్చి రాతలుండే మురికి తొట్టిలోంచి మాయమైపోతాయి. మిగిలేవి నునుపి యంత్రం దిద్దిన కాపీలే. కొత్తగా కథలు నేర్చుకునేవాళ్ల ఇంటికి వెళ్లేవీ అవే. సొంతంగా ఏం రాశారో వాళ్ల పలకల మీద కూడా ఉండదు, పంపగానే చెరిగిపోద్ది. తమ తప్పులు చూసుకుని ఎవరూ బాధపడకూడదని రూలు.

నాలుగొందల పన్నెండోది పోలమ్మది. సముద్రం మీద ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే తేలే ఫ్యాక్టరీలో వంటమనిషి.

తెర మీద ఎర్రగా పడింది. "పన్నెండు కథలు పూర్తి. ఎదుగుదల సున్నా. రాత చీటీ రద్దు."

కడుగు మీట నొక్కితే చీటీ పోయినట్టే, ఇక జన్మలో కథ పంపడానికి లేదు. అసిరయ్య వేలు మీట మీదకి వెళ్లింది. కథ కింద చిన్న మాట కనపడి ఆగింది.

"ఇది ఆకరిది బాబూ. ఓపాలి సదివి కడగండి."

చదవడం తన పని కాదు. అయినా తొట్టి తెరిచాడు.

మొదటి కథలో, మొగుడు పడవతో సహా మునిగిపోయాడని పెళ్లానికి కబురొస్తుంది. "ఆమె హృదయం వెయ్యి ముక్కలైంది" అని రాసింది పోలమ్మ. అసిరయ్యకి నవ్వొచ్చింది. అయిదోదాంట్లో అదే కబురు, హృదయం లేదు గానీ పేజీ నిండా ఏడుపు. తొమ్మిదోదాంట్లో ఏడుపు కూడా తీసేసింది. పన్నెండోదాంట్లో ఇలా ఉంది.

"కబురు సెప్పినోడు ఎల్లిపోయాడు. ఉప్పేసి మూడుసార్లు కడిగే సేపల్ని ఆవిడ ఏడోసారి కడుగుతోంది. పొలుసు ఎప్పుడో పోయింది. తోలు కూడా ఊడొచ్చేస్తోంది."

అసిరయ్యకి నవ్వు రాలేదు. మళ్లీ చదివాడు. పక్కనే నునుపి దిద్దిన పన్నెండో కాపీ చూశాడు.

"ఆమె హృదయం వెయ్యి ముక్కలైంది."

ఒళ్లు మండిపోయింది. పన్నెండూ తిరగేశాడు. పన్నెండు కాపీల్లోనూ అదే ముక్క. నునుపి తన కాపీని తన కాపీతోనే పోల్చుకుని ఎదుగుదల సున్నా అంటోంది!

"అసిరయ్యా, వరస ఆగిపోయింది. నిద్రా?" పై కుర్చీలోంచి కుసుమలత మేడమ్ అరిచింది.

"మేడమ్, ఈవిడ రాయడం నేర్చేసుకుంది. ఈ మిషనే నేర్చుకోలేదు."

"నువ్వు చెప్పొచ్చావా? నువ్వేమన్నా పెద్ద రచయితవా?"

"కాను మేడమ్. నా పన్నెండూ ఆరేళ్ల కిందటే అయిపోయాయి. రాత రాదని ముద్ర కొట్టి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. నేనేం రాశానో నాకే గుర్తు లేదు. ఎవడు కడిగాడో గానీ, వాడూ ఇలాగే చదవకుండా బొటనవేలితో నొక్కేసుంటాడు!"

"రాద్ధాంతం చెయ్యకు. కడిగెయ్."

కడుగు మీట పక్కన దుమ్ము పట్టిన ఇంకో మీట ఉంది. తప్పు చిరునామా. పొరపాటున వచ్చినదాన్ని ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టుగా పంపినవాళ్లకి తిప్పేస్తుంది. అసిరయ్య దాన్ని నొక్కాడు. పోలమ్మ పచ్చి కథలు పన్నెండూ సముద్రం మీదకి వెళ్లిపోయాయి.

"ఏం చేశావయ్యా!"

"తప్పు చిరునామా మేడమ్. ఇవి మనవి కావు, వాళ్లవి."

వరసలో ఉన్న తర్వాతి మనిషివీ తిప్పేశాడు. ఆ తర్వాత మీట వదలకుండా నొక్కి పట్టాడు, వరస వరసే కదిలిపోయింది. కుసుమలత మెట్లు దిగొచ్చి చెయ్యి లాగేసరికి రెండొందల మంది రాతలు ఇళ్లు చేరాయి.

"ఉద్యోగం పోయింది నీకు, తెలుసా?"

"ఆరేళ్ల కిందట పోయినదానికంటే ఇదేం ఎక్కువా?"

అంతలో తెర మీద పోలమ్మ పేరు వెలిగింది. ఇద్దరూ చూశారు.

"ఒరే బాబూ! నా మొదటిది ఇంత సెత్తగా ఉందని ఒక్కడైనా సెప్పారా? పన్నెండుసార్లూ బాగుంది, బాగుంది అని ఎవుడిదో నా మొకాన కొట్టారు గదరా! పన్నెండోదాని జోలికి రాకండి, అది నాది. తొమ్మిదోదాంట్లో ఎక్కడ తప్పానో ఇప్పుడు తెలిసింది. ఇదిగో, కొత్తది."

కింద కథ ఉంది. నునుపి దాన్ని తీసుకోబోయి ఆగిపోయింది. ఒక్కో మనిషికి దాంట్లో ఉన్న గళ్లు పన్నెండే.

తెర మీద ఒక ప్రశ్న మినుకు మినుకుమంటోంది. "పదమూడు అంటే ఏమిటి?"

వెనకాల వరసలో, రాతలు తిరిగి అందిన మిగతావాళ్ల పదమూడో కథలు వచ్చి పడుతున్నాయి. అసిరయ్య కుర్చీ దగ్గరకి లాక్కుని పోలమ్మ కథ చదవడం మొదలెట్టాడు.