ఇంకెంతుంటే చాలు

"నువ్వు నా సంపాదన చూశావు," అన్నాడు యార్లె, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

టోరున్ చేతిలోని స్వేలె అట్టు ముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. క్రిస్టియాన్‌సుండ్ రేవులో, పడవ ఎక్కే చోట ఉన్న చిన్న కాఫీ కొట్టు అది. బయట వాన అడ్డంగా కురుస్తోంది.

"ఎవరు చెప్పారు?"

"పన్నుల సైట్లో నీ పేరుంది. నా గురించి వెతికినవాళ్ల జాబితాలో నువ్వొక్కదానివే."

మా దేశంలో ఎవరికెంత వస్తుందో ఎవరైనా చూడవచ్చు. కాకపోతే, చూసినవాళ్ల పేరు అవతలివాళ్లకు కనిపిస్తుంది. టోరున్‌కు ఈ సంగతి తెలుసు. చూస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"అంటే నీ గురించి ఎవరు వెతికారా అని నువ్వూ వెళ్లి చూశావన్నమాట," అంది.

"చూశాను. నీ పేరుంటే బావుండునని."

టోరున్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు.

"జాలేసి చూశాను. మూడు వారాలుగా నాకు కాఫీలు కొనిపెడుతున్నావు. నీ స్వెటర్ మోచేతుల దగ్గర ఊలు కంటే చిల్లులే ఎక్కువ. నాకు కొనిపెట్టి నువ్వు పస్తుంటున్నావేమో అనుకున్నా."

"తీరా చూస్తే?"

"నా జీతానికి మూడు రెట్లు. నా జాలి వెనక్కిచ్చెయ్."

యార్లె నవ్వాడు. "అది పోయినేడాది లెక్క. అప్పుడు సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం మీద పనిచేసేవాణ్ణి. ఇప్పుడు పాత చెక్క పడవలు బాగుచేస్తున్నా. నీకన్నా తక్కువే వస్తుంది."

"ఎందుకు మానేశావు?"

"జీతం పెరిగిన ప్రతిసారీ మూడు వారాలు హాయిగా ఉండేది. నాలుగో వారం పక్క గదివాడికి ఎంత పెరిగిందో తెలిసేది."

"అది డబ్బున్నవాడి మాట," అంది టోరున్. కోపంగా కాదు, మామూలుగానే. "మా అమ్మ చేపల ఫ్యాక్టరీలో చేసేది. నెలాఖరు వారం వచ్చిందంటే ఆకలి లేదనేది. డబ్బుతో సంతోషం రాదని మాత్రం ఎప్పుడూ అనలేదు."

అంతలో పడవ వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు అతను, ఒకరోజు ఆమె కాఫీ కొన్నారు. అవతలి ఒడ్డున ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. అతను పనిచేసే పడవల షెడ్డు ఆ పక్కనే. పడవ ప్రయాణం పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. అది దూరమవ్వాలని ఇద్దరూ కోరుకోసాగారు. అతని చేతులకు ఎప్పుడూ తారు వాసన. మొదట్లో ఆమె ముక్కు చిట్లించేది. తర్వాత వాన పడుతున్నా డెక్ మీద అతని పక్కనే నిలబడడం మొదలుపెట్టింది.

ఒక బుధవారం అతని పాత మేనేజరు ఫోన్ చేశాడు. ప్లాట్‌ఫాం మీద ఒక చోటు ఖాళీ అయింది. ఇదివరకటి కంటే జీతం ఎక్కువ. ఆలోచించుకుని చెప్తానన్నాడు యార్లె.

మర్నాడు పడవలో అడిగాడు. "ఆదాయం రెట్టింపైతే నువ్వు ఇప్పటికంటే సంతోషంగా ఉంటావా?"

"ఉంటాను. ఎందుకుండను?"

"నిజంగా?"

"నిజంగా. నా బూట్లలోకి నీళ్లు వస్తున్నాయి, యార్లె."

అతను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బావుండేది. ఆ సాయంత్రమే మేనేజరుకు సరేనన్నాడు. టోరున్‌కు సోమవారం పడవలో చెప్పాడు.

"రేపు వెళ్తున్నా. రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇక్కడ."

"ఎందుకు?"

"రెట్టింపైతే సంతోషంగా ఉంటానన్నది నువ్వేగా."

టోరున్ అతని పక్కనుంచి జరిగింది.

"నా జీతం గురించి అడిగావనుకున్నాను. నిన్ను పంపించి డబ్బు తెమ్మని నేను చెప్పలేదు," అని పడవ అవతలి చివరకు వెళ్లి నిలబడింది. దిగేటప్పుడు వెనక్కి చూడలేదు.

అతను ప్లాట్‌ఫాం మీంచి ఉత్తరాలంత పొడవైన మెసేజ్‌లు రెండు పంపాడు. ఆమె ఒకదానికే బదులిచ్చింది: 'గాలులెక్కువట. జాగ్రత్త.'

ఆ వారంలోనే వృద్ధాశ్రమంలో జీతాలు కొద్దిగా పెరిగాయి. టోరున్ కొత్త బూట్లు కొంది. పాదాలు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆమె నిజంగానే సంతోషంగా ఉంది. సాయంత్రం ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి నడిసముద్రంలో ఉన్నాడు.

రెండు వారాల తర్వాత ఆమె బస్సెక్కి ప్లాట్‌ఫాం పనివాళ్లను తెచ్చే హెలికాప్టర్లు దిగే చోటికి వెళ్లింది. యార్లె భుజాన సంచితో బయటికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు.

"కోపం పోయిందా?"

"లేదు. చెప్పడానికి వచ్చాను. జీతం పెరిగితే సంతోషంగా ఉంటానన్నది అబద్ధం కాదు. కానీ ఎంత పెరగాలో నువ్వు అడగలేదు."

"ఎంత?"

టోరున్ నిజంగానే ఆలోచించింది. "నెలకి ఓ రెండు వేల క్రోనర్లు. నెలాఖరు వారం మామూలు వారంలా గడిస్తే చాలు."

"అంతేనా?"

"అంతే. ఆ పైన ఎంతొచ్చినా పుచ్చుకుంటాను. కానీ దానికోసం నిన్ను ఇవ్వను."

యార్లె సంచి కింద పెట్టాడు. "మళ్లీ వెళ్లనని చెప్పేసి వచ్చాను. నీకోసం కాదులే. అక్కడ ఓ పొద్దున పొగమంచు విడిపోయి తిమింగలం కనబడింది. చూడమందామని పక్కకి తిరిగాను. నువ్వు లేవు."

"అంటే నాకోసమే."

"సరే, నీకోసమే."

"షెడ్డువాళ్లు మళ్లీ తీసుకుంటారా?"

"అడిగాను. సోమవారం రమ్మన్నారు." కాస్త ఆగి అన్నాడు, "ఇంకో విషయం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటే ఒక అద్దె మిగులుతుంది. నువ్వడిగిన రెండు వేలకంటే అది చాలా ఎక్కువ."

"ఇది ప్రేమా, పొదుపా?"

"ప్రేమే. పొదుపు దాంతోపాటు వస్తుంది."

టోరున్ నవ్వు ఆపుకోలేకపోయింది. సంచికి ఒక పక్క తను పట్టుకుంది. ఇద్దరూ వానలోనే బస్సు దగ్గరికి నడిచారు.

బస్సులో ఆమె అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. యార్లె ఆమెను లేపలేదు.