గుత్తి దగ్గర స్పీడ్ బోటు

"గుత్తి దగ్గర స్పీడ్ బోటా సార్?" ఏజెంట్ జోయల్‌కు నవ్వాగలేదు. "తాగేదానికే నీళ్లు లేవు ఆడ!"

"అందుకే ఎవురూ వెతకరని ఆడ దాచినారు," అన్నాడు చీఫ్ గంగాధరప్ప. "మన మిసైల్ చిప్ కొట్టేసినారు. ఆ బోటులో విదేశీ ఓడకు చేరుస్తారంట. వాళ్లకు మెకానిక్ కావల్ల. నువ్వే పోతాండావు."

జోయల్ ఒకప్పుడు నేవీ వర్క్‌షాపులో పనిచేసినవాడే. నకిలీ మీసం, మరకల చొక్కా, అడుగున ట్రాన్స్‌మిటర్ దాచిన గ్రీజు డబ్బాతో వేరుశెనగ గోడౌన్ చేరాడు.

"వాన వస్తాదా అన్నా?" కోడ్ చెప్పాడు.

"ఈ ఏడూ రాదు," అని కాపలావాడు లోపలికి వదిలాడు. వెనక షట్టర్ దభీమని పడింది.

"మీసం తీసేయప్పా జోయల్, ఉక్కపోస్తాది."

పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో పిస్టల్. ప్రసూన! నిన్నటిదాకా డిపార్ట్‌మెంటులో అతని పక్క సీటు.

ఫోన్, వాచీ లాక్కుంది. గ్రీజు డబ్బా పనికొస్తుందని బోటులోనే పెట్టించింది.

"మా మెకానిక్ పారిపోయినాడు. కోస్ట్‌గార్డ్‌కు అందకుండా పోయేటట్ల ఇంజన్ సెట్ చెయ్. నువ్వూ మాతోనే వస్తావు. స్పీడు తగ్గిందో, నిన్ను సముద్రంలోకి తోస్తా."

స్పీడు పెంచితే చిప్ పోతుంది. తగ్గిస్తే ప్రాణం పోతుంది. కాలిపోతున్న రేకుల కింద, తుపాకుల మధ్య, జోయల్‌కు నిజంగానే భయమేసింది.

బోటు వెనక పలకకు ఇంజన్‌ను బిగించే బోల్టు రంధ్రాలు ఒకదాని పైన ఒకటి ఉన్నాయి. పైకి బిగించేకొద్దీ నీళ్లలో మునిగే భాగం తగ్గి వేగం పెరుగుతుంది. మరీ పైకెత్తితే మలుపులో ప్రొపెల్లర్ నీళ్లకు బదులు గాలి మింగుతుంది.

"ట్రయల్ యాడ?" అడిగాడు.

"రిజర్వాయర్‌లో."

ఆ ఎండలకు రిజర్వాయర్‌లో మిగిలింది కాలువంత సన్నటి తిన్నని పాయ ఒక్కటే. జోయల్ ఇంజన్‌ను అన్నిటికన్నా పై రంధ్రానికి బిగించాడు.

పాయలో బోటు దూసుకుపోయింది. మీటరు చూసి ప్రసూన మురిసిపోయింది.

మర్నాటి సాయంత్రానికి లారీ మీద బోటు కోస్తా చేరి సముద్రంలోకి దిగింది. జోయల్ చేతులు బోటు కమ్మీకి బేడీలతో బిగించి ఉన్నాయి. దూరంగా విదేశీ ఓడ కనిపించింది. అంతలో ట్రాన్స్‌మిటర్ జాడ పట్టుకుని కోస్ట్‌గార్డ్ బోటు అడ్డం వచ్చింది.

"నీ పనేనా?" ఒక చేత్తో పిస్టల్ జోయల్ నుదుటికి గురిపెట్టి, రెండో చేత్తో ప్రసూన స్టీరింగ్ గిర్రున తిప్పింది.

ఇంజన్ కీచుమంది. ప్రొపెల్లర్ గాలిలో తిరిగింది. బోటు ఒక్క కుదుపుతో చతికిలబడింది. పిస్టల్ ఎగిరి సముద్రంలో పడింది. చిప్ ఉన్న పర్సు జారింది. నీళ్లలోకి విసిరేద్దామని ఆమె వంగేలోపే జోయల్ దాన్ని కాలితో తొక్కిపెట్టాడు.

ఇప్పుడు బేడీలు ప్రసూన చేతులకు మారాయి.

"ట్రయల్‌లో అంత బాగా పోయె కదప్పా! ఈడ తిప్పితే ఏమాయె?"

"ఆడ తిప్పి చూడాల్సింది మేడమ్," అన్నాడు జోయల్ మణికట్టు రుద్దుకుంటూ. "కానీ మన సీమలో బోటు తిప్పేన్ని నీళ్లు యాడుండాయి?"